డైరీలో 25, డీమ్యాట్‌లో 1,600

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆరు నెలల క్రితం కాలం చేశారు. ఆయన షేర్లు కొంటారని తెలుసు గానీ ఏవి, ఎన్ని అన్నది మాకెప్పుడూ చెప్పలేదు. ఆయన డైరీలో 2003 జూన్ తేదీ కింద ‘ఇన్ఫోసిస్ 25, ఒక్కొక్కటి 3,200’ అని ఉంది. డీమ్యాట్ (షేర్లు కంప్యూటర్‌లో జమ ఉండే ఖాతా) స్టేట్‌మెంట్‌లో చూస్తే 1,600 ఉన్నాయి. ఫోన్‌లో పాత చార్టు తీస్తే ఆ నెలలో ఆ షేరు ధర 50 రూపాయలని చూపిస్తోంది. ఇంకో చోట అంతకంటే తక్కువ ఉంది. 50 రూపాయల షేరుకు నాన్న 3,200 ఎందుకిచ్చారు? మిగతా 1,575 ఎవరి డబ్బుతో కొన్నారు? చివరి రోజుల్లో ఆయన బ్యాంకు పనులకు తోడు వెళ్లింది నేనే కాబట్టి అన్నయ్య నన్ను అదోలా చూస్తున్నాడు. డైరీలోనే 2008లో ‘సత్యం 170’ అని రాసి, ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. డీమ్యాట్‌లో సత్యం లేదు. డైరీలో ఎక్కడా లేని టెక్ మహీంద్రా షేర్లు మాత్రం 80 ఉన్నాయి. ఇదిలా ఉండగా మేనల్లుడు పాత ధరలన్నీ ఎక్సెల్‌లోకి దించి, దీపావళికి నెల ముందు అల్యూమినియం కంపెనీ నాల్కో షేర్లు కొని సంక్రాంతికి అమ్మితే లాభం ఖాయమంటున్నాడు. వాళ్ల నాన్న, అంటే మా బావ, దామంజోడిలో ఆ కంపెనీలోనే పని చేస్తారు. అసలు ఈ పాత ధరల్ని ఎంతవరకు నమ్మాలి?

(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కదా, ఉత్తరం హాయిగా చదివించింది. ముందు అన్నయ్యగారి అనుమానం తీర్చేద్దాం, షేర్ల సంగతి తర్వాత. మీ నాన్నగారు మోసపోలేదు. ఎవరి డబ్బూ వాడలేదు. మీరేమీ దాచలేదు. మీ ఉత్తరంలో ఉన్న అంకెలే ఆ మాట చెబుతున్నాయి. 3,200ని 50తో భాగించండి, 64 వస్తుంది. 1,600ని 25తో భాగించండి, మళ్లీ 64. లెక్కల మాస్టారి పిల్లలు ఇద్దరూ ఇది చూడలేదంటే, మనసులు బాగోనప్పుడు భాగహారం కూడా తోచదన్నమాట.

ఆ 64 ఎక్కడిదంటే, బోనస్ షేర్లది, అంటే ఉన్న షేర్లకు తోడు కంపెనీ డబ్బు తీసుకోకుండా ఇచ్చే షేర్లది. 2004లో ఇన్ఫోసిస్ ఒక షేరుకు మూడు చొప్పున బోనస్ ఇచ్చింది. నాన్నగారి 25 షేర్లు 100 అయ్యాయి. 2006లో ఒకటికి ఒకటి, 200. 2014 డిసెంబరులో మళ్లీ ఒకటికి ఒకటి, 400. ఏడాదైనా తిరక్కుండా 2015 జూన్‌లో ఇంకోసారి, 800. 2018 సెప్టెంబరులో మరోసారి, 1,600. ఒక కాగితం మీద ఈ ఐదు వరసలూ రాసి అన్నయ్యగారి చేతికివ్వండి. లెక్క ఇంత కచ్చితంగా కుదిరిందంటే నాన్నగారు మధ్యలో ఒక్క షేరు కూడా అమ్మలేదు. 2017 చివర్లో కంపెనీయే షేరుకు 1,150 రూపాయలిచ్చి కొన్ని షేర్లు వెనక్కి కొంది. అప్పుడు కూడా ఆయన చలించలేదు.

బోనస్ అనగానే కంపెనీ ఊరికే డబ్బు పంచిందనుకుంటారు చాలామంది. పెసరట్టును నాలుగు ముక్కలు చేస్తే పెసరట్టు పెరగదు. షేర్లు రెట్టింపైన రోజే ధర సగానికి వస్తుంది. నిన్న 2,000 దగ్గర ఆగిన షేరు ఇవాళ 1,000 దగ్గర మొదలవుతుంది. మొత్తం విలువ మారదు.

చార్టు గీసేవాళ్లకు ఇక్కడే చిక్కు. ఉన్నదున్నట్టు గీస్తే ఆ రోజు కొండచరియ విరిగిపడినట్టు కనిపిస్తుంది. మీ బావగారి కంపెనీనే తీసుకోండి. 2011 మార్చిలో నాల్కో ఒకేసారి రెండు పనులు చేసింది. షేరు ముఖ విలువను, అంటే షేరు మీద రాసి ఉండే విలువను, 10 రూపాయల నుంచి 5కి తగ్గించి ఒక షేరును రెండు చేసింది (దీన్నే స్ప్లిట్ అంటారు), పైగా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అలా ఒక షేరు నాలుగైంది. షేర్లు చేతులు మారే ఎక్స్ఛేంజీ అసలు ఫైలు తీసి చూస్తే ఒక్క రాత్రిలో ధర నాలుగో వంతుకు కూలిపోయినట్టు ఉంటుంది. ఆ కూలడానికీ దామంజోడిలో పనికీ ఏ సంబంధమూ లేదు, వాటాదారుడికి పైసా నష్టం లేదు. అందుకని చార్టులు తయారుచేసేవాళ్లు ఆ తేదీకి ముందున్న ధరలన్నిటినీ నాలుగుతో భాగించి, గీత సాఫీగా వచ్చేలా చేస్తారు. దీన్నే సర్దుబాటు ధర అంటారు.

అంటే పాత ధర రాతి మీద చెక్కిన అంకె కాదు. ప్రతి బోనస్ తర్వాతా వెనకటి చరిత్ర మొత్తం తిరగరాస్తారు. నాన్నగారు 3,200 ఇచ్చి కొన్న అదే రోజు ధరను 2005లో ఎవరైనా చార్టులో చూసి ఉంటే 800 అని కనిపించేది. 2007లో 400. 2015 మొదట్లో 200, ఆ ఏడాది చివర్లో 100. ఇవాళ 50. రేపు ఇంకో బోనస్ ఇస్తే 25 అవుతుంది. మీ ఉత్తరంలో ఇంకో సైటు అంతకంటే తక్కువ చూపిస్తోందన్నారు. అది డివిడెండ్లను, అంటే కంపెనీ లాభంలోంచి పంచిన డబ్బును, కూడా వెనక్కి లెక్కగట్టి తీసేసిన ధర అయ్యుంటుంది. డైరీలోని అసలు ధర, 50 అన్న సర్దుబాటు ధర, ఈ మూడోది, మూడూ నిజమే. ఏ పనికి ఏది వాడాలన్నదే తెలుసుకోవాలి.

కొని ఎన్ని రెట్లయింది అని చూడ్డానికి సర్దుబాటు ధర. డివిడెండుతో కలిపి చూడాలంటే మూడోది. ‘ఆ రోజు నిజంగా ఎంతకు కొన్నారు’ అన్నదానికీ, ఇన్‌కం ట్యాక్స్‌కూ మాత్రం అసలు ధరే కావాలి. అది మన రెండు పెద్ద ఎక్స్ఛేంజీలు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో పాత ధరల విభాగంలో దొరుకుతుంది. కంపెనీ పేరు, తేదీలు ఇస్తే ఉచితంగానే ఫైలు దిగుతుంది. ఎక్స్ఛేంజీ ఆ రోజు ఎంతకు లావాదేవీ జరిగిందో అంతే రాస్తుంది, తర్వాత వచ్చిన బోనస్‌ల కోసం దాన్ని తిరగరాయదు.

కంపెనీ రెండుగా విడిపోయినప్పుడు ఇంకో తికమక. 2023 జులై 19న రిలయన్స్ షేరు ఎన్ఎస్ఈలో 2,841 రూపాయల 85 పైసల దగ్గర ముగిసింది. మర్నాడు పొద్దున్న ప్రత్యేక సెషన్‌లో 2,580 తేలింది. తేడా 261 రూపాయల 85 పైసలు జియో ఫైనాన్షియల్ వాటా అయింది, ఆ షేర్లు వాటాదారులకు విడిగా వచ్చాయి. దీన్ని కొన్ని చార్టులు సర్దుతాయి, కొన్ని వదిలేస్తాయి. కాబట్టి పాత ధరల ఫైలు ఎప్పుడు తీసినా దాని పక్కన ఆ కంపెనీ బోనస్‌లు, స్ప్లిట్‌లు, విభజనల జాబితా కూడా పెట్టుకోండి. అదీ ఎక్స్ఛేంజీ సైటులోనే ఉంటుంది. ఈ రెండో కాగితం లేకుండా మొదటిది చదవడం, పుట్టినతేదీ లేకుండా జాతకం చెప్పినట్టే.

మీరు వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ఎన్ఎస్ఈ ఫైలులో 2003 జూన్‌లో డైరీలో ఉన్న తేదీ వరస వెతకండి. అందులో ప్రారంభ ధర, గరిష్ఠం, కనిష్ఠం, చివరి లావాదేవీ ధర, ముగింపు ధర, రోజు సగటు, చేతులు మారిన షేర్ల సంఖ్య వరసగా ఉంటాయి. 3,200 అన్నది కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలో ఉందా, అంతే చూడండి. ఉంటే డైరీ నిజం. ముగింపు ధరతో పోల్చి ‘రెండు రూపాయలు తేడా వచ్చింది’ అని మళ్లీ గొడవ పెట్టుకోకండి. మీరు చూసే ఆ ఏళ్లలో ఎన్ఎస్ఈ ముగింపు ధర అంటే చివరి అరగంట లావాదేవీల సగటు. ఆ అంకెకు ఒక్కరూ కొని ఉండకపోవచ్చు కూడా. తేదీల దగ్గరా జాగ్రత్త. కొన్ని సైట్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తాయి. 05-06-2003 జూన్ అయిదో తేదీయా, మే ఆరా అన్నది మేనల్లుడి ఎక్సెల్‌కు తెలియదు.

అన్నట్టు, అదే ఫైలులో కొంచెం పైకి, 2003 ఏప్రిల్ 10 దాకా వెళ్లండి. ఆ ఒక్క రోజే ఇన్ఫోసిస్ షేరు నాలుగో వంతుకు పైగా పడింది. రాబోయే ఏడాదికి కంపెనీ చెప్పిన అంచనా మార్కెట్‌కు రుచించలేదు. సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందని పెద్దపెద్దవాళ్లే అంటున్న రోజులవి. పర్లాకిమిడిలో ఒక లెక్కల మాస్టారు ఆ దెబ్బ తిన్న షేరులో, రెండు నెలలు ఆగి, 80,000 రూపాయలు పెట్టారు. అప్పటి జీతాలకు అది చిన్న మొత్తం కాదు. ఇంట్లో ఎందుకు చెప్పలేదో నాకైతే అర్థమైంది. పాత ధరలతో భవిష్యత్తు చెప్పడం సంగతేమో గానీ, ఒక మనిషి ఎలాంటి రోజున ఎలాంటి నిర్ణయం తీసుకున్నాడో మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు షేరు 1,500 అనుకుందాం. 1,600 షేర్లంటే 24 లక్షలు. పెట్టింది 80,000. ముప్ఫై రెట్లు! వినడానికి లాటరీలా ఉంటుంది. ఇరవై రెండేళ్లకు పరిచి చూడండి, డివిడెండ్లు పక్కన పెడితే ఏడాదికి 16, 17 శాతం. మంచి రాబడే, గారడీ కాదు. ఆ దారి కూడా సాఫీగా లేదు. 2007 మొదట్లో రెండు వేలు దాటిన షేరు 2008 చివరికి పదకొండు వందల ప్రాంతానికి దిగింది. మొదలూ చివరా మాత్రమే చూసి ముప్ఫై రెట్లనేవాళ్లకు ఆ రెండేళ్లు కనిపించవు.

ట్యాక్స్ దగ్గర కాస్త ఆగుదాం, డబ్బు పోయేది ఇక్కడే. వారసత్వంగా వచ్చిన షేర్లు అమ్మితే, నాన్నగారు కొన్న ఖరీదే మీ ఖరీదు. ఆయన కొన్న తేదీ నుంచే లెక్క. 2018 జనవరి 31 నాటికి చేతిలో ఉన్న షేర్లకు చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ రోజు ఎక్స్ఛేంజీలో పలికిన గరిష్ఠ ధరను ఖరీదుగా చూపుకోవచ్చు, అమ్మిన ధర దాటకుండా. ముగింపు ధర కాదు, గరిష్ఠ ధర. మీ 1,600లో 800 అప్పటికే ఉన్నాయి. మిగతా 800 ఆ ఏడాది సెప్టెంబరు బోనస్, వాటి ఖరీదు సున్నా.

మేనల్లుడి ఎక్సెల్‌లో ఆ జనవరి 31 ధర ఎంతుందో చూడండి. అసలు ధర పదకొండు వందల పైన. సర్దుబాటు చార్టులో అందులో సగమే ఉంటుంది, ఎందుకంటే సెప్టెంబరు బోనస్‌కు దాన్ని అప్పటికే కోసేశారు. ఆ సగం ధర వేసి, బోనస్ షేర్లకు సున్నా కూడా వేస్తే ఒకే బోనస్‌కు రెండుసార్లు కోసినట్టు. షేరుకు 550 రూపాయల పైన ఖరీదు ఎగిరిపోతుంది. అన్నీ అమ్మేటట్టయితే లేని లాభం నాలుగు లక్షలు పైబడి పుడుతుంది, 12.5 శాతం చొప్పున దాని మీద యాభై వేలకు పైగా పన్ను. మొట్టమొదటి 25 షేర్లకు మాత్రం నాన్నగారిచ్చిన 3,200 చొప్పునే ఖరీదు, ఎందుకంటే అదే ఎక్కువ. కాబట్టి ఆ డైరీ జాగ్రత్త. బ్రోకర్ ఇచ్చిన పాత కాంట్రాక్ట్ నోట్ (కొన్నట్టు ఇచ్చే రసీదు) ఎక్కడైనా ట్రంకుపెట్టెలో దొరికితే ఇంకా మంచిది. ఏడాదికి 1,25,000 దాకా దీర్ఘకాల లాభం మీద పన్ను లేదు. అందుకని ఒకేసారి అమ్మాలా, ఏడాదికి కొంత అమ్మాలా అన్నది ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోండి.

ఇక కుర్రవాడి దీపావళి సూత్రం. ఎన్నేళ్ల ధరలు చూశాడని అడగండి. అయిదేళ్లేనని నా అనుమానం, ఎందుకంటే అయిదేళ్లు చూస్తే ఏ సూత్రమైనా పనిచేసినట్టే ఉంటుంది. 2020 మార్చిలో కరోనా దెబ్బకు నాల్కో 30 రూపాయల దిగువకు పడింది. 2024లో 200 దాటింది. ఈ మధ్యలో ఏ పండక్కి కొన్నా, దాదాపు ఏ పండక్కి అమ్మినా లాభమే కనిపిస్తుంది. మన వైపు రథయాత్ర నాడు వాన పడుతుందంటారు. పడుతుంది కూడా. రథం లాగినందుకు కాదు, అది ఆషాఢం కాబట్టి.

మొదలెక్కడ పెట్టామన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. బీఎస్ఈలో పెద్ద కంపెనీల సూచీ సెన్సెక్స్ 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసింది. 2009 మార్చి 9న 8,160. జనవరి 8న కొన్నవాడు 2010 చివర్లో ఒకసారి అసలు కళ్లజూసి, మళ్లీ పోగొట్టుకుని, నిలకడగా గట్టెక్కేసరికి 2013 చివరి నెలలొచ్చాయి. మార్చి 9న కొన్నవాడికి అదే చార్టు బంగారం. కాబట్టి నాల్కోకు కనీసం ఇరవై ఏళ్లు తీయమనండి. పక్కనే లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో అల్యూమినియం ధర గీత కూడా పెట్టమనండి. బావగారు దామంజోడిలో మూడు షిఫ్టులూ ఒళ్లు వంచి పని చేసినా, షేరు ఎక్కువగా చూసేది ఆ లోహం ధర వైపే. దానికి దీపావళి, సంక్రాంతి తెలియవు.

ఇంకా పట్టుదలగా ఉంటే ఒక పరీక్ష పెట్టండి. నెలవారీ ధరలు ప్రింటు తీసి, 2014 తర్వాతి భాగాన్ని కాగితంతో కప్పండి. పైన కనిపించే ఏళ్లు మాత్రమే చూసి సూత్రం రాయమనండి. తర్వాత కాగితాన్ని ఒక్కో వరస కిందికి జరుపుతూ, ఆ సూత్రం ప్రకారం కొన్నాడో అమ్మాడో పక్కన పెన్నుతో రాయమనండి, బ్రోకరేజీ, పన్ను తీసేసి. సూత్రాన్ని మధ్యలో సవరించకూడదు. నాకు తెలిసిన నలుగురైదుగురు కుర్రాళ్ల చేత ఇది చేయించాను. మూడో పేజీకి వచ్చేసరికి పెన్ను కింద పెట్టేశారు. ఒక కుర్రాడికి సూత్రం నిలబడింది. వాడి సూత్రం మరీ విసుగుపుట్టించేది: నెలనెలా కొంచెం కొనడం, అమ్మకపోవడం.

నేనేదో చిన్నప్పట్నుంచీ తెలివిగా ఉన్నానని కాదు సుమండీ. బరంపురంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక చిన్న కంపెనీ షేర్లు 500 కొన్నాను. చార్టు చూసే కొన్నాను, గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. అమ్ముదామనుకున్న రోజు ధర 42 అని చూపిస్తోంది, నా ఆర్డరు మాత్రం కదల్లేదు. అప్పుడు చూశాను వాల్యూమ్ గడి. ఆ రోజు మొత్తం మీద చేతులు మారినవి 60 షేర్లు. మర్నాడు అసలు లావాదేవీయే లేదు. చివరికి 19కి వదిలించుకున్నాను. ధర ఎంతని ఉన్నా, ఆ ధరకు ఎన్ని అమ్ముడయ్యాయో పక్క గడిలో చూడందే ఆ అంకెకు అర్థం లేదు. ఎన్ఎస్ఈ ఫైలులో డెలివరీ శాతం అని ఇంకో గడి ఉంటుంది. పొద్దున్న కొని సాయంత్రం లోపే అమ్మేసినవి తీసేస్తే, నిజంగా ఇంటికి పట్టుకెళ్లినవి ఎన్నో అది చెబుతుంది. చిన్న కంపెనీల దగ్గర నేను ఇప్పటికీ ధర కంటే ముందు ఈ రెండు గడులే చూస్తాను.

చివరిగా ఆ ఎర్ర సిరా వరస. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడింది. 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్క రోజులో 40కి వచ్చేసింది. నాన్నగారు ఆ వరస కొట్టేసింది ఆ వారంలోనే అయ్యుంటుంది. మీరిప్పుడు సత్యం పేరుతో చార్టు వెతికితే బతికున్న కంపెనీల్లో కనిపించదు. ఇరవై ఏళ్ల చరిత్ర చూస్తున్నామనుకుంటాం గానీ, ఇవాళ్టి జాబితాలోంచి వెనక్కి చూస్తే కనిపించేవి మిగిలినవాళ్ల చరిత్రలే. పోయినవాళ్లు లెక్కలోకే రారు, అందుకే వెనకటి చార్టులన్నీ ఉన్నదానికంటే కాస్త అందంగా ఉంటాయి.

సత్యం మాత్రం పూర్తిగా పోలేదు. 2013లో అది టెక్ మహీంద్రాలో కలిసింది. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. నాన్నగారి 170కి 20 వచ్చాయి. 2015 మార్చిలో టెక్ మహీంద్రా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి, ముఖ విలువను 10 నుంచి 5కి తగ్గించింది. 20 కాస్తా 80 అయ్యాయి. డైరీలో పేరు లేని ఆ 80, ఆయన ఎర్ర సిరాతో కొట్టేసిన వరసలోవే. అన్నయ్యగారికిచ్చే కాగితంలో ఇన్ఫోసిస్ కింద ఈ లెక్క కూడా రాయండి, పంపకాల్లో అవీ చేరాలి.